ఎక్స్‌రే బాగుందంటే వృద్ధులకు వైరల్ నిమోనియా లేనట్లేనా?

76 ఏళ్ల మీ నాన్నగారికి నాలుగు రోజులుగా దగ్గు, నీరసం, కొద్దిపాటి జ్వరం ఉన్నాయనీ, రెండో రోజున తీయించిన ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదనీ, అయినా డాక్టరుగారు వైరల్ నిమోనియాను కొట్టిపారేయలేమన్నారనీ రాశారు. ఎక్స్‌రే బాగున్నప్పుడు ఆ అనుమానం ఎందుకు, మళ్లీ ఎక్స్‌రే తీయించాలా, లేక విదేశంలో ఉన్న మీ అన్నయ్యగారు చెబుతున్నట్లు నేరుగా సీటీ స్కాన్‌కు వెళ్లాలా అన్నది మీ ప్రశ్న. కోస్తా జిల్లాలోని ఒక ఆసుపత్రిలో రేడియాలజిస్టుగా చాలా ఏళ్లుగా ఛాతీ ఫిల్ములు చదువుతున్నాను; ఆ అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను. అయితే నేను ఆయనను చూడలేదు కాబట్టి, చూసిన డాక్టరు మాటకే మీరు ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఎక్స్‌రేలో కనిపించేది వైరస్ కాదు, దాని వల్ల ఊపిరితిత్తుల్లో వచ్చిన వాపు, చేరిన ద్రవం. గాలి నిండిన భాగం ఫిల్ము మీద నల్లగా ఉంటుంది, గాలి స్థానంలో ద్రవం చేరిన భాగం తెల్లబడుతుంది. వైరస్ మొదట వాయునాళాల లోపలి పొరనూ, వాయుగోణుల (ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచుల) మధ్య ఉండే పలుచని గోడలనూ దెబ్బతీస్తుంది గనుక, తొలి రోజుల్లో కనిపించేది అద్దం మీద ఊదినప్పుడు పట్టే ఆవిరి వంటి మసక మాత్రమే, చాలాసార్లు అది కూడా కనిపించదు. కోవిడ్ తొలి నెలల్లో, అంటే 2020లో, హాంగ్‌కాంగ్ వైద్యులు ప్రచురించిన పరిశీలనలో ఎక్స్‌రే మార్పులు లక్షణాలు మొదలైన 10 నుంచి 12 రోజులకు గరిష్ఠానికి చేరాయి. ఆర్‌టీ-పీసీఆర్ పాజిటివ్ వచ్చిన వారిలో కొందరికి మొదటి ఎక్స్‌రే పూర్తిగా మామూలుగా ఉంది. రెండో రోజు ఫిల్ము బాగుందంటే ఆ రోజుకు పెద్ద మచ్చలు లేవని మాత్రమే అర్థం.

ఫిల్మును బట్టి ఇది వైరస్సా, బ్యాక్టీరియానా అని తేల్చగలమా? కొంతవరకు ఊహించగలం, తేల్చలేం. రెండు ఊపిరితిత్తుల్లోనూ, ముఖ్యంగా కింది భాగాల్లో, అంచుల వైపు చెదురుమదురుగా మసక ఉంటే వైరస్ వైపు మొగ్గుతాం. ఒకే భాగం గట్టిగా తెల్లబడి, పక్కన నీరు చేరి ఉంటే బ్యాక్టీరియా వైపు మొగ్గుతాం. కానీ ఈ రెండు చిత్రాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయే సందర్భాలు ఎన్నో ఉంటాయి. ఇన్‌ఫ్లుయెంజా (ఫ్లూ) తగ్గుముఖం పట్టాక న్యూమోకాకస్, స్టాఫిలోకాకస్ వంటి బ్యాక్టీరియా దాడి చేయడం వృద్ధుల్లో కొత్త కాదు. రెండు మూడు రోజులు కోలుకున్నట్లు కనిపించి మళ్లీ జ్వరం, ఆయాసం వచ్చాయంటే ముందుగా గుర్తుకు రావలసింది అదే. ఇన్‌ఫ్లుయెంజానా, కోవిడా, ఆర్‌ఎస్‌వీనా అని పేరు పెట్టి చెప్పేది ముక్కు, గొంతు నుంచి తీసే స్వాబ్ పరీక్షే. శ్వాసనాళాలకు సోకే వైరస్ అయిన ఆర్‌ఎస్‌వీ పసిపిల్లల జబ్బని చాలామంది అనుకుంటారు గానీ, గుండె జబ్బు, ఆయాసం ఉన్న పెద్దలను కూడా అది ఆసుపత్రి పాలు చేస్తుంది. స్వాబ్ విషయంలో ఆలస్యం చేయవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. ఇన్‌ఫ్లుయెంజాకు ఇచ్చే ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితే ఎక్కువ మేలు చేస్తుంది. వృద్ధుల్లో, పరిస్థితి తీవ్రంగా ఉన్నవారిలో ఆ గడువు దాటినా డాక్టర్లు ఇస్తారు. ఎక్స్‌రే మారే వరకు ఆగి మొదలుపెట్టవలసిన మందు కాదది.

పెద్దవారి ఛాతీ ఫిల్ము చదవడం ఇరవై ఏళ్ల యువకుడి ఫిల్ము చదివినంత తేలిక కాదు. నిలబడగలిగిన మనిషికి ఛాతీని ప్లేటుకు ఆనించి, ఎక్స్‌రే గొట్టాన్ని సుమారు 180 సెంటీమీటర్ల దూరంలో వెనుక వైపున ఉంచి తీస్తారు. నిలబడలేని వారిని మంచం మీదే పడుకోబెట్టి, ముందు వైపు నుంచి, తక్కువ దూరంలో తీయవలసి వస్తుంది. అప్పుడు గుండె ఉన్నదానికంటే పెద్దదిగా పడుతుంది, గట్టిగా ఊపిరి పీల్చలేకపోవడం వల్ల ఊపిరితిత్తుల కింది భాగాలు ఒత్తుకుపోయి లేని నిమోనియా ఉన్నట్లు కనిపిస్తుంది. గూని ఉన్నవారిలో గడ్డం నీడ ఊపిరితిత్తి పైభాగాన్ని కప్పేస్తుంది, ముడతలు పడిన చర్మం కూడా గీతలుగా పడి తికమక పెడుతుంది. గుండె వెనుక, డయాఫ్రమ్ వెనుక దాగిన భాగం ఎంత మంచి ఫిల్ములోనైనా సరిగా కనిపించదు. గుండె పంపింగ్ తగ్గినప్పుడు ఊపిరితిత్తుల్లో చేరే నీరు కూడా రెండు వైపులా మసకగానే ఉంటుంది. కాళ్ల వాపు, గుండె పరిమాణం, ఎకో పరీక్ష చూడకుండా దాన్ని వైరస్ నుంచి వేరు చేయడం కష్టం. బీడీలు, చుట్టలు తాగి ఊపిరితిత్తులు ఉబ్బిపోయిన వారిలో నిమోనియా వచ్చినా ఆ భాగం పూర్తిగా తెల్లబడదు.

వీటన్నిటికంటే మన ప్రాంతంలో నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసేవి పాత క్షయ మచ్చలు. ఎప్పుడో వయసులో ఉన్నప్పుడు మందులు వాడి మానిపోయిన క్షయ, పైభాగంలో గీతలుగా, సున్నపు చుక్కలుగా జీవితాంతం మిగిలిపోతుంది. దగ్గు, జ్వరంతో వచ్చిన ఒక పెద్దాయన ఫిల్ములో అటువంటి మచ్చ చూసి, క్షయ తిరగబెట్టిందేమోనని వార్డులో చర్చ మొదలైంది. ఆయన కోడలు ఇంటికి వెళ్లి, కంటి ఆపరేషనుకు ముందు తీసిన పాత ఎక్స్‌రేను బీరువాలోంచి వెతికి తెచ్చారు. పైభాగపు మచ్చ రెండింటిలోనూ ఒకేలా ఉంది; కొత్తగా వచ్చింది కింది భాగాల్లోని పలుచని మసక మాత్రమే. కఫం పరీక్షలో క్షయ లేదని వచ్చింది, స్వాబ్‌లో ‘ఏ’ రకం ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. పాత ఫిల్ము లేకపోయి ఉంటే ఆ ప్రశ్న తేలడానికి ఇంకొన్ని రోజులు పట్టేది. కాబట్టి మీ నాన్నగారి పాత ఫిల్ములు ఏవి ఉన్నా, ఎన్నేళ్ల కిందటివైనా, తీసుకువెళ్లండి. ఫిల్మునే పట్టుకెళ్లండి, ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని ఫోనులో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే, ఈ పలుచని మసకలే మొదట మాయమవుతాయి.

ఈలోగా ఇంట్లో మీరు గమనించవలసినవి ఎక్స్‌రే కంటే ముందే చాలా చెబుతాయి. పెద్దవారిలో నిమోనియా ఉన్నా జ్వరం రాకపోవచ్చు. అన్నం మానేయడం, మాట తడబడటం, మనుషులను పోల్చుకోలేకపోవడం, కారణం లేకుండా పడిపోవడం వంటి వాటితోనే మొదలు కావచ్చు. ఆయన కదలకుండా కూర్చున్నప్పుడు నిండు నిమిషం పాటు శ్వాసలు లెక్కపెట్టండి. 24 దాటుతుంటే డాక్టరుకు చెప్పండి, 30కి చేరితే ఆసుపత్రికి బయలుదేరండి. ఆక్సిమీటర్‌లో 94 కంటే తగ్గుతుంటే ఆరోజే చూపించండి. అయితే దీర్ఘకాలంగా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి మామూలు రోజుల్లోనే తక్కువ ఉండవచ్చు గనుక, వారి విషయంలో ఎప్పుడూ ఉండే అంకెతో పోల్చాలి. గోళ్లకు రంగు, చల్లబడిన వేళ్లు ఆ అంకెను తప్పుగా చూపిస్తాయి.

సీటీ స్కాన్ విషయానికి వస్తే, 2021 కోవిడ్ రెండో వేవ్‌లో మన ఊళ్లలో, ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే ‘సీటీ స్కోరు 25కు ఎంత వచ్చింది?’ అన్నది పరామర్శలో మొదటి ప్రశ్నగా మారిపోయింది. ఒక్క సీటీ 300 నుంచి 400 ఎక్స్‌రేలతో సమానమని అప్పట్లో ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్‌గా ఉన్న డాక్టర్ రణదీప్ గులేరియా హెచ్చరించారు. ఆ లెక్క పాతదని రేడియాలజిస్టుల సంఘం ఖండించింది. ఇప్పటి యంత్రాలతో ఛాతీ సీటీకి స్థూలంగా 5 నుంచి 7 మిల్లీసీవర్టులు, ఎక్స్‌రేకు 0.1 లేదా అంతకంటే తక్కువ రేడియేషన్ పడుతుంది. 76 ఏళ్ల మనిషికి ఈ తేడా పెద్దగా భయపడవలసిన విషయం కాదని నా అభిప్రాయం. సీటీ వద్దనడానికి నా కారణం వేరు. శ్వాస బాగుండి, ఆక్సిజన్ నిలకడగా ఉన్న మనిషికి సీటీలో నాలుగు చిన్న మసకలు కనిపించినా ఇచ్చే చికిత్స మారదు, ఇంటిల్లిపాదికీ ఆందోళన మాత్రం పెరుగుతుంది. 2020 ఏప్రిల్‌లో ఛాతీ రేడియాలజీ నిపుణుల అంతర్జాతీయ సంఘమైన ఫ్లైష్నర్ సొసైటీ కోవిడ్ గురించి ఇచ్చిన సూచన కూడా, లక్షణాలు స్వల్పంగా ఉండి, జబ్బు ముదిరే ముప్పు లేనివారికి ఇమేజింగ్ (ఎక్స్‌రే, సీటీ వంటివి) అవసరం లేదనే. మీ నాన్నగారి వయసు ఆ ముప్పును పెంచేదే గనుక, ఆయనకు అసలు ఇమేజింగే వద్దని నేను అనను. ఎక్స్‌రేతో మొదలుపెట్టడం సరైనదే. అయితే ఎక్స్‌రే బాగుండి కూడా ఆక్సిజన్ తగ్గుతున్నా, ఊపిరితిత్తి రక్తనాళంలో రక్తపు గడ్డ అనుమానం ఉన్నా, క్యాన్సర్ మందులు లేదా స్టెరాయిడ్లు వాడుతున్నా, చికిత్సకు లొంగకపోయినా సీటీ నిజంగా పనికొస్తుంది. రక్తపు గడ్డ కోసమైతే రంగు మందు ఎక్కించి తీయాలి కాబట్టి ముందుగా కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి.

మీరు చెప్పినదాన్ని బట్టి, దగ్గు పెరుగుతున్నా, ఆయాసం మొదలైనా ఇప్పుడు రెండో ఎక్స్‌రే తీయించడం సబబు. వీలైతే అదే సెంటరులో, నిలబెట్టి, గట్టిగా ఊపిరి పీల్చి బిగపట్టమని చెప్పి తీయించండి. ఏమీ పెరగకపోతే స్వాబ్ ఫలితం, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్త పరీక్ష), మిగతా రక్త పరీక్షలు చూసుకుని డాక్టరుగారు చెప్పే వరకు ఆగవచ్చు. నిమోనియా తేలితే, కోలుకున్న వారానికే ఫిల్ము శుభ్రపడలేదని కంగారు పడకండి. పెద్దవారిలో మచ్చలు పోవడానికి వారాలు పడుతుంది. ఆయనకు పొగతాగే అలవాటు ఉన్నా, ఉండి మానేసినా, దగ్గు తగ్గకపోయినా మాత్రం ఆరు వారాల తర్వాత మరొక ఎక్స్‌రే తప్పకుండా అడగండి, ఎందుకంటే నిమోనియా మసక వెనుక కణితి ఏదైనా దాగి ఉంటే అది బయటపడేది అప్పుడే.