ముందు చక్రం వేడెక్కితే మొదట హోస్ చూడు

అబ్బయా,

పాత పది టైర్ల లారీ కొన్నావని, దాని బ్రేకు హోసులు, అదే చక్రాల దగ్గరికి గాలి తీసుకెళ్ళే రబ్బరు గొట్టాలు, నువ్వే మార్చుకుంటానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో మళ్ళీ ఒకడు పానా పట్టుకుంటున్నాడని ఎంత సంతోషం వేసిందో! ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ మొదలైంది. హోస్ మార్చడం పెద్ద పనేం కాదు. బండి కింద నువ్వు ఒక్కడివే పడుకుని ఉంటావన్నదే నా భయం. నోటితో చెబితే "సరే మామా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

గాలి బలంతో బ్రేకు పట్టించే డబ్బాలే చాంబర్లు. వెనక చక్రాల దగ్గర రెండు గదుల చాంబర్లు ఉంటాయి. ఒక గదిలో బలమైన స్ప్రింగును అణిచిపెట్టి ఉంచుతారు. గాలి ఉన్నంతసేపు అది వెనక్కి ఉంటుంది, గాలి పోగానే ముందుకు తోసి బ్రేకు పట్టేస్తుంది. హ్యాండ్‌బ్రేకు పనిచేసేది దాంతోనే. ఆ గదికి ఉన్న క్లాంపు మాత్రం విప్పకు. విప్పితే మూత ఎగిరొచ్చి ప్రాణం తీస్తుంది, ఇది నిన్ను బెదిరించడానికి చెప్పే మాట కాదు. ఇంకోటి కూడా చూడు. చెడిపోయిన బండిని కదిలించడానికి ఎవరైనా ఆ స్ప్రింగును బోల్టుతో వెనక్కి లాగి అలాగే వదిలేసి ఉండొచ్చు. అప్పుడు గాలి తీసేసినా వెనక బ్రేకు పట్టదు, నువ్వు కింద ఉండగానే బండి కదులుతుంది. చదునైన నేల చూసుకో. చక్రాలకు అటూ ఇటూ దిమ్మెలు పెట్టు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా కింద స్టాండ్లు పెట్టు. ఇవి పెట్టనిదే కిందికి దూరకు.

లీకు కనుక్కోవడం తేలికే. గాలి ట్యాంకులు నిండాక ఇంజిన్ ఆపి, ఒకరిని పెడల్ తొక్కి పట్టుకోమను. తొక్కినప్పుడే బుస్సుమంటే ఆ చక్రానికి వెళ్ళే హోసో, చాంబర్‌లో డయాఫ్రమో, అంటే గాలి తోసే రబ్బరు పొరో. హ్యాండ్‌బ్రేకు వదిలినప్పుడే వస్తే స్ప్రింగు గదికి వెళ్ళే లైను. సబ్బు నురగ రాస్తే చోటు తెలిసిపోతుంది. రబ్బరు పగిలి లోపలి నూలు కనిపించినా, ఉబ్బినా, కమాను కట్టకు రాసుకుని అరిగినా మార్చెయ్. ట్యూబు ముక్క చుట్టి తీగ కట్టే పని మన బండికి వద్దు.

కారే హోస్ దొరికిపోతుంది. కారని హోస్‌తోనే ప్రమాదం. మీ నాన్న కుడి చేతి మీద కాలిన మచ్చ ఉంది కదా, వంటింట్లో కాలిందని నీకు చిన్నప్పుడు చెప్పాం. అది నిజం కాదు. అప్పట్లో బావ చీమకుర్తి నుంచి మద్రాసు హార్బరుకి గ్రానైట్ దిమ్మెలు తోలేవాడు. కుడి ముందు చక్రం కాలిన వాసన వస్తోందని నేను పనిచేసే షెడ్డుకి తెచ్చాడు. మా మేస్త్రీ చెయ్యి తిరిగినవాడే. డ్రమ్ము విప్పి, చక్రాన్ని ఆపడానికి దాన్ని లోపలి నుంచి అదిమే లైనర్లు ఊరికే రుద్దుకుంటున్నాయని, ఆ సందు సరిచేసే స్లాక్ అడ్జస్టర్ వదులు చేసి పంపించాడు. వాసన తగ్గింది గానీ, బ్రేకు కొడితే బండి ఎడమకి లాగడం మొదలైంది. మళ్ళీ తెస్తే ఈసారి లైనర్లు మార్చాడు. హోస్ వైపు ఎవరూ చూడలేదు. నల్లగా, కొత్తదానిలా ఉంది, చుక్క గాలి కూడా కారడం లేదు, ఎందుకు చూస్తారు? ఒక రాత్రి వెంకటాచలం దాటాక ఆ టైరు అంటుకుంది. బావ ఇసక పోసి ఆర్పబోయి చెయ్యి కాల్చుకున్నాడు. కేబిన్‌కి పాకలేదు, అదే మన అదృష్టం. మీ అమ్మ అప్పుడు నిన్ను కడుపుతో ఉంది.

ఆ తర్వాత ఆర్టీసీలో రిటైరైన ఒక పెద్దాయన వచ్చి చక్రం ఎత్తించాడు. పెడల్ వదిలేసే ఉంది, అయినా చక్రం తిరగడం లేదు. చాంబర్ దగ్గర యూనియన్, అదే హోస్ చివర బిగించే నట్టు, కాస్త వదులు చేయగానే తుస్సుమని గాలి పోయింది, చక్రం చేత్తో తిప్పితే తిరిగింది. హోస్‌ని కత్తితో నిలువునా కోసి చూపించాడు. లోపలి రబ్బరు నూనెకి నాని, ఊడి, నాలుకలా వేలాడుతోంది. పెడల్ తొక్కితే ఆ బలానికి గాలి దాన్ని తోసుకుని వెళ్ళేది. వదిలాక తిరిగి రావడానికి దారి మూసుకుపోయేది. చాంబర్‌లో మిగిలిన గాలి లైనర్లను డ్రమ్ముకి అదిమే ఉంచేది. మా మేస్త్రీ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

కాబట్టి నీ బండికి ముందు చక్రం ఏదైనా వేడెక్కుతుంటే ఇలా చెయ్. ట్యాంకులు పూర్తిగా ఖాళీ చేసి, ఆ చక్రం ఎత్తు. తిరగకపోతే ముందుగా హోస్ అవతలి చివర, గాలిని పంపి మళ్ళీ బయటికి వదిలే వాల్వు వైపు యూనియన్ మెల్లగా వదులు చెయ్, ముఖం పక్కకి పెట్టుకో. అక్కడ గాలి పోయి చక్రం తిరిగితే హోస్ మంచిదే, గాలిని బయటికి వదలనిది వాల్వు. అక్కడ ఏమీ రాక, చాంబర్ వైపు వదులు చేశాక తిరిగిందంటే హోసే దొంగ. రెండు చోట్లా గాలి రాకపోతే అప్పుడు స్లాక్, లైనర్లు, డ్రమ్ము చూడు. వెనక చక్రాలకి ఈ పరీక్ష పనికిరాదు, ట్యాంకు ఖాళీ అయితే అక్కడ స్ప్రింగే పట్టేస్తుంది.

కొత్త హోస్‌కి పాతది చేత్తో పట్టుకుని షాపుకి వెళ్ళు. పొడవూ మరా సరిగ్గా కలవాలి. ఎండలో వేలాడదీసినది వద్దు. బిగించే ముందు లోపల గాలి కొట్టి ఊదు. ఒక పానాతో ఫిట్టింగ్ పట్టుకుని ఇంకోదాంతో బిగించు, లేకపోతే హోస్ మెలిపడుతుంది. దాని మీద అచ్చు వేసిన అక్షరాల వరస తిన్నగా ఉంటే మెలి లేనట్టు. తర్వాత స్టీరింగు ఈ చివరికీ ఆ చివరికీ తిప్పి చూడు, ఎక్కడా లాగకూడదు, టైరుకి తగలకూడదు.

ట్యాంకు కింద డ్రెయిన్ వాల్వు తీసినప్పుడు నీళ్ళతో పాటు నూనె బాగా వస్తే, ట్యాంకుకి గాలి నింపే కంప్రెసర్ రింగులు అరిగి ఉండొచ్చు. అది బాగు చేయించకపోతే ఈ కొత్త హోసులు కూడా లోపల నానిపోతాయి. ఇక్కడ డబ్బుకి వెనకాడకు, తక్కువైతే నన్నడుగు.

అంతా అయ్యాక సబ్బు నురగతో మళ్ళీ చూసి, ఖాళీ బండిని ఒంగోలు నుంచి సింగరాయకొండ దాకా మెల్లగా తోలి, ఆపి, అన్ని డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడు. తాకకు, దగ్గరగా పెడితే చాలు. ఒకటే ఎక్కువ సెగ కొడుతుంటే మళ్ళీ విప్పు. గిద్దలూరు దాటి నంద్యాల ఘాట్ ఎక్కే లోడు మాత్రం ఎంత కిరాయి ఇస్తామన్నా ఇప్పుడే ఒప్పుకోకు.

ముందు చక్రాలు రెండూ నువ్వే చేసుకో, నీకు చేతనవుతుంది. వెనక వాటి జోలికి నేను వచ్చేదాకా వెళ్ళకు. ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. విప్పిన పాత హోసులు పారెయ్యకుండా ఉంచు, కోసి చూద్దాం.

మీ మామయ్య