భార్యకి రక్తం కావాలి, ఎవర్ని అడగాలి?

మొన్న శనివారం రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది. డాలస్ వచ్చి ఎనిమిది నెలలైన కుర్రాడు, మా వైపు వాళ్ళే. "అక్కా, సోమవారం మా ఆవిడకి ఆపరేషన్. తనది బీ నెగటివ్. ముగ్గురు దాతల్ని రెడీగా పెట్టుకోమని మా మావయ్య ఖమ్మం నుంచి ఒకటే ఫోన్లు. ఇక్కడ నాకెవరూ తెలీదు" అన్నాడు.

"ఆస్పత్రి వాళ్ళు దాతల్ని తెమ్మన్నారా?" అని అడిగాను.

"లేదక్కా, వాళ్ళసలు ఆ మాటే ఎత్తలేదు. అదే టెన్షన్‌గా ఉంది."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. పన్నెండేళ్ళ కిందట నా పరిస్థితీ అదే. మన ఊళ్ళో ఆపరేషన్ అంటే ముందు రక్తం సంగతి తేల్చుకోవాలి. బ్లడ్ బ్యాంకులో ఒక యూనిట్ తీసుకుంటే బదులుగా ఒకర్ని పట్టుకెళ్ళాలి. కాలేజీ కుర్రాళ్ళకి ఫోన్లు, అభిమాన సంఘాలకి ఫోన్లు, లేదంటే చిరంజీవి బ్లడ్ బ్యాంక్‌కి పరుగు. అలా పెరిగినవాళ్ళకి, ఎవరూ ఏమీ అడగకపోతే ఏదో మర్చిపోయారనే అనిపిస్తుంది.

అమెరికాలో రోగి తాలూకు మనుషుల్ని దాతల్ని తెమ్మనరు. ఆస్పత్రికి కావలసిన రక్తం ముందే వచ్చి ఉంటుంది. దేశం మొత్తం మీద సుమారు 40 శాతం రెడ్ క్రాస్ ఇస్తుంది, మిగతాది చాలావరకు ఆయా ప్రాంతాల రక్త కేంద్రాలు. ఆపరేషన్‌కి ముందు ఆవిడ దగ్గర చిన్న శాంపిల్ తీసి గ్రూపు చూస్తారు, రక్తంలో తేడా యాంటీబాడీలు ఉన్నాయేమో కూడా చూస్తారు. దీన్నే టైప్ అండ్ స్క్రీన్ అంటారు. మామూలుగా ఆ శాంపిల్ మూడు రోజులే పనికొస్తుంది కాబట్టి సరిగ్గా ఆపరేషన్ ముందే తీస్తారు. నర్సుని మీరు అడగాల్సింది ఒక్కటే: "టైప్ అండ్ స్క్రీన్ అయిందా? యాంటీబాడీలు ఏమైనా కనబడ్డాయా?" లేవంటే నిశ్చింతగా పడుకోవచ్చు. ఉన్నాయంటే సరిపోయే రక్తం వెతకడానికి వాళ్ళకి కాస్త టైమ్ పడుతుంది. అందుకే ఇండియాలో ఎప్పుడైనా రక్తం ఎక్కించారా, ఇంతకుముందు గర్భం వచ్చిందా, గర్భస్రావం అయిందా, ఇవన్నీ మొదటి రోజే చెప్పేయండి. కొత్తవాళ్ళ ముందు చెప్పడానికి మొహమాటపడి దాచే విషయాలు కావివి.

ఇంకో సంగతి ఆ కుర్రాడు నమ్మలేదు. నెగటివ్ గ్రూపు రక్తం దొరకడం ఖమ్మంలో కన్నా డాలస్‌లోనే తేలిక. మన దగ్గర నెగటివ్ వాళ్ళు వందకి అయిదుగురు ఉంటారేమో, ఇక్కడ పదిహేను మంది దాకా ఉంటారు. బీ నెగటివ్ ఇక్కడా తక్కువే, వందకి ఇద్దరు. కానీ ఆ గ్రూపు వాళ్ళకి ఓ నెగటివ్ కూడా ఎక్కించొచ్చు.

"పోనీ నా రక్తం ఇస్తానక్కా, నాదీ బీనే" అన్నాడు. వద్దు నాయనా అన్నాను. మొదట, అతనిది బీ పాజిటివ్, ఆవిడకి పనికిరాదు. ఒకవేళ గ్రూపు కలిసినా, ఇంకా పిల్లలు పుట్టాల్సిన భార్యకి భర్త రక్తం ఎక్కించకపోవడమే మంచిదని డాక్టర్లు అంటారు. అతని రక్తకణాల గుర్తులకి ఆవిడ ఒంట్లో యాంటీబాడీలు తయారైతే, రేపు తండ్రి పోలిక గుర్తులతో కడుపున పడే బిడ్డకి అవి ముప్పు. (నెగటివ్ భార్య, పాజిటివ్ భర్త అయితే గర్భంతో ఉన్నప్పుడు 28వ వారంలో ఒక ఇంజెక్షన్ ఇస్తారు. బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయ్యాక 72 గంటల్లోపు ఇంకొకటి. అడిగి మరీ వేయించుకోండి.) మూడోది, అతను అసలు ఇక్కడ రక్తం ఇవ్వడానికే వీల్లేదు.

ఈ మూడోది మనవాళ్ళలో చాలామందికి తెలీదు. మలేరియా ఉన్న ప్రాంతంలో ఏళ్ళ తరబడి బతికి ఇక్కడికి వచ్చినవాళ్ళు మూడేళ్ళు రక్తం ఇవ్వకూడదు. మనల్ని సాధారణంగా ఆ లెక్కలోనే వేస్తారు. ఆ మూడేళ్ళు నిండకముందే పెళ్ళికనో పండక్కనో ఊరెళ్ళొస్తే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. మూడేళ్ళు దాటాక వెళ్ళొస్తే మూడు నెలలు ఆగితే చాలు. 2020కి ముందు అది ఏడాది. రూల్స్ మారుతుంటాయి కాబట్టి వెళ్ళేముందు రక్త కేంద్రానికి ఫోన్ చేసి ఇండియాలో మీ ఊరు చెప్పి కనుక్కోండి.

2014లో మా ఆయనకి లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్ అన్నప్పుడు ఇది తెలీకే పరువు పోగొట్టుకున్నాను. తెలిసిన ప్రతి ఇంటికీ ఫోన్ చేశాను. గుడిలో చెప్పించాను. శనివారం పొద్దున్నే ఇరవై రెండు మంది వచ్చారు, పాపం కొందరు గంటన్నర కారు నడుపుకుంటూ. చివరికి సూది దాకా వెళ్ళింది నలుగురు. మిగతావాళ్ళలో కొందరు కొత్తగా వచ్చినవాళ్ళు, కొందరు సంక్రాంతికి ఊరెళ్ళొచ్చినవాళ్ళు. ఆడవాళ్ళలో ముగ్గురికి హిమోగ్లోబిన్ 12.5 లేదు. ఆ నలుగురి రక్తమైనా మా ఆయనకే వచ్చిందా అంటే లేదు, మామూలు నిల్వలోకి వెళ్ళింది. ఫలానా రోగికే అని పేరు రాయించి ఇవ్వడం ఉంది కానీ, పరీక్షలన్నీ అయ్యేసరికి రోజులు పడతాయి, విడిగా ఫీజు కూడా ఉండొచ్చు. ఆ ఫీజు ఇన్సూరెన్స్ ఇస్తుందన్న నమ్మకం లేదు.

మా ఆడపడుచు హ్యూస్టన్ నుంచి వచ్చి "అన్నయ్యకి నా ప్లేట్‌లెట్లు తీసుకోండి" అని కూర్చుంది. డాక్టర్ ససేమిరా అన్నారు. నాకు కోపమొచ్చింది, సొంత చెల్లెలు ఇస్తానంటే వద్దంటారేంటని. తర్వాత విడమరిచి చెప్పారు. రేపు మూలకణాల (రక్తాన్ని తయారుచేసే కణాల) మార్పిడి చేయాల్సి వస్తే దాత తోబుట్టువుల్లోంచే రావచ్చు. ఇప్పుడే వాళ్ళ రక్తం ఎక్కిస్తే రోగి ఒళ్ళు వాళ్ళ కణాల్ని శత్రువుల్లా గుర్తుపెట్టుకుంటుంది, తీరా మార్పిడి రోజున వాటిని తిప్పికొట్టే ప్రమాదం ఉంది. బ్లడ్ క్యాన్సర్ ఇంట్లో అడుగుపెడితే చుట్టాలు ఎంత ప్రేమగా చెయ్యి చాపినా డాక్టర్ని అడక్కుండా ఒప్పుకోకండి.

నిజంగా మనిషిని వెతుక్కోవాల్సింది అక్కడే, మూలకణాల దగ్గర. దానికి రక్తం గ్రూపుతో పనిలేదు, చూసేది హెచ్ఎల్ఏ మ్యాచింగ్, అంటే కణాల మీద ఉండే, తల్లిదండ్రుల నుంచి వచ్చే గుర్తులు కలుస్తాయా అని. ఒక్కో తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. బయటివాళ్ళలో అయితే సాధారణంగా మన జాతి వాళ్ళతోనే కలుస్తుంది. ఇక్కడి మూలకణ దాతల జాతీయ రిజిస్ట్రీలో తెల్లవాళ్ళకి పూర్తి మ్యాచ్ దొరికే అవకాశం 79 శాతం, ఆసియా మూలాలవాళ్ళకి 47. మనవాళ్ళు తక్కువమంది చేరడం దీనికి ఒక కారణం. 35 ఏళ్ళలోపు వాళ్ళు చెంప లోపల దూదిపుల్ల రాసి పంపితే చాలు. దాతల కోసం మీరు ఫోన్లు చేసే ఓపిక ఉంటే దీనికి చేయండి.

మా ఆడపడుచుది కలవలేదు. మిర్యాలగూడలో ఉన్న మా మరిదిది కలిసింది. వీసాకి మామూలుగా ఫీజు కట్టి దొరికిన తేదీ తీసుకుని, ఆ తర్వాత అత్యవసర అపాయింట్‌మెంట్ అడగాలి. డాక్టర్ ఇచ్చిన లెటర్‌లో జబ్బు పేరు, దాత పేరు, ఎప్పటిలోగా రావాలో, ఖర్చు ఎవరిదో అన్నీ ఉండేలా సోషల్ వర్కర్ దగ్గర కూర్చుని రాయించాను. అప్పట్లో కాన్సులేట్ బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండేది. లోపల ఏమడుగుతారోనని రాత్రంతా భయపడ్డ మా మరిది అయిదు నిమిషాల్లో బయటికొచ్చి ఫోన్ చేశాడు. "వదినా, ఒక్కటే అడిగారు, ఏ అన్నయ్యకి అని."

ఇంట్లో ఎవరికైనా బాంబే గ్రూపు అనే అరుదైన రక్తం ఉంటే మాత్రం ఇంత నిశ్చింతగా ఉండకండి. 1952లో ముంబైలో కనిపెట్టారు కాబట్టి ఆ పేరు. మనదేశంలో పదివేల మందిలో ఒకరికి ఉంటుందంటారు, ఇక్కడ ఇంకా అరుదు. పైపై పరీక్షలో ఓ లాగే కనబడుతుంది, కానీ ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణాంతకం. ఇండియా రిపోర్ట్ ఉంటే మొదటి రోజే ఇవ్వండి. ఇలాంటి వాళ్ళ కోసం ఇక్కడ అమెరికన్ రేర్ డోనర్ ప్రోగ్రామ్ అని ఉంది, గడ్డకట్టించిన రక్తం పదేళ్ళ దాకా దాస్తారు. ఆస్పత్రి అడిగితేనే పంపుతారు, మనం నేరుగా అడిగేది కాదు.

వాట్సాప్ గ్రూపుల్లో భార్య పేరు, పుట్టిన తేదీ, ఆస్పత్రి గది నంబరు పెట్టొద్దని ఆ కుర్రాడికి గట్టిగా చెప్పాను. అప్పటికే ఒక గ్రూపులో పెట్టేశాడు, నేను ఫోన్‌లో ఉండగానే తీసేశాడు. సోమవారం అతనితో కూర్చోడానికి ఒకరు, మంగళవారం అన్నం పంపడానికి ఒకరు దొరికారు.

ఆపరేషన్ అయింది. ఆవిడకి ఒక్క యూనిట్ కూడా అవసరం పడలేదు. మావయ్యగారికి ఆ మాట చెబితే, "రక్తమే ఎక్కించకుండా ఆపరేషన్ ఏంటి, సరిగ్గా కనుక్కో" అన్నారట.