తోడేలు మనిషికి పున్నమి ఎక్కడిది?

ప్రశ్న: తోడేలు మనిషి పున్నమి రాత్రే మారతాడనీ, వెండి తగిలితేనే చస్తాడనీ అంటారు. ఇవి పాత కథల్లో ఉన్నవేనా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: పాత కథల్లో వీటికంటే బట్టలకే విలువ ఎక్కువ. ఒకటో శతాబ్దపు రోమన్ రచన 'సాటిరికాన్'లో వెన్నెల పట్టపగల్లా కాస్తుంటుంది, నిజమే. కానీ తోడేలయ్యే సైనికుడు చేసే పని వేరు: సమాధుల పక్కన బట్టలు విప్పి, వాటి చుట్టూ మూత్రం పోసి తోడేలవుతాడు. బట్టలు రాయిగా మారిపోతాయి. 12వ శతాబ్దంలో మరీ ద ఫ్రాన్స్ ఫ్రెంచిలో రాసిన 'బిస్‌క్లావ్రే'లో ఒక దొర వారానికి మూడు రోజులు తోడేలుగా తిరుగుతాడు. దాచిన బట్టలు దొరికితేనే మళ్లీ మనిషి. ఆ గుట్టు తెలిసిన భార్య వాటిని కాజేయిస్తుంది. చివరికి ఆమె ముక్కు కొరికేస్తాడు. ఈ కథలో చంద్రుడి ఊసే లేదు.

చంద్రుడికీ తోడేలు మనిషికీ ముడిపెట్టిన మాటలు అక్కడక్కడా ఉన్నా, దాన్ని తప్పనిసరి చేసింది హాలీవుడ్. 1935 నాటి 'వేర్‌వుల్ఫ్ ఆఫ్ లండన్'లో పున్నమి వచ్చేసింది. 1941 నాటి 'ద వుల్ఫ్ మ్యాన్' సినిమాలో పాత్రలు చెప్పే పద్యంలో మాత్రం ఉన్నది శరదృతువు చంద్రుడే. 1943 నాటి తరువాయి చిత్రంలో ఆ పాదాన్ని నిండు చంద్రుడిగా మార్చారు. వెండి కూడా అంతే. 1941 సినిమాలో తోడేలు మనిషిని చంపింది తూటా కాదు, వెండి పిడి ఉన్న చేతికర్ర.

ప్రశ్న: కంప్యూటర్లు లేని రోజుల్లో మనిషి తోడేలుగా మారడం ఎలా తీశారు? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: తొలి పద్ధతి డిజాల్వ్. కెమెరాను బిగించేసి, నటుణ్ని కదలకుండా ఉంచి, కొంచెం జుట్టు అతికించి కొద్దిగా ఫిల్మ్ తీస్తారు. ఆపి, మరికొంత జుట్టు అతికించి మళ్లీ తీస్తారు. తర్వాత ఒక ముక్కను ఇంకోదానిలో కరిగిస్తారు. టేకుల మధ్య తల కాస్త జరిగినా ముఖం అంచులు రెండుగా కనిపిస్తాయి. లైటు మారినా దొరికిపోతారు. 'ద వుల్ఫ్ మ్యాన్'లో మేకప్ కళాకారుడు జాక్ పియర్స్ యాక్ (జడల బర్రె) జుట్టు వాడాడు. అయినా అందులో మనిషి మారేటప్పుడు చూపింది పాదాలే. ముఖం మారడం అతను చనిపోయాక, తోడేలు నుంచి మనిషికి.

1981లో 'యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్'కి మేకప్ కళాకారుడు రిక్ బేకర్ దీన్ని తలకిందులు చేశాడు. చీకటి సాయం లేకుండా, లైట్లు వెలుగుతున్న గదిలోనే మార్పంతా చూపించాడు. సాగే చేయి, పొడుచుకొచ్చే మూతి అన్నీ రబ్బరు చర్మం కింద యంత్రాలు పెట్టి నెట్టినవే. జుట్టు మొలవడానికి కృత్రిమ చర్మంలో కుచ్చిన వెంట్రుకల్ని అడుగు నుంచి లోపలికి లాగుతూ తీసి, ఫిల్మ్ వెనక్కి తిప్పారు. నేలమీద సాగిన ఒళ్లు బొమ్మది. నటుడి అసలు ఒళ్లు నేల కింద దాగి ఉంటుంది. మేకప్‌కి అప్పుడే పెట్టిన ఆస్కార్ మొదటిసారి అతనికే దక్కింది. మా లెక్కలో ఆ తర్వాత వచ్చిన గ్రాఫిక్స్ తోడేళ్లలో చాలావాటికి ఆ బరువు లేదు.

ప్రశ్న: తెలుగులో ఇలాంటివి లేవా? (ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: తోడేలైతే, 2022 నాటి హిందీ 'భేడియా' తెలుగులో 'తోడేలు'గా వచ్చింది. తోడేలు కరిస్తే మనిషి తోడేలైపోయే అందులోని నియమం హాలీవుడ్ దారిదే. మన చంద్రుడు మాత్రం పాముల పక్షం: 1980 నాటి 'పున్నమినాగు'లో చిరంజీవి పాత్రకు పున్నమి రాత్రే విషం ఎక్కుతుంది. అది అవతలివాళ్లను చంపుతుందే గానీ, పాముల్ని చేయదు.