పేగుల ధమని చీలినప్పుడు: ఒక జూనియర్ డాక్టరుకు లేఖ

చిరంజీవి డాక్టరమ్మకు,

రిపోర్టులో 'ఐసోలేటెడ్ ఎస్ఎంఏ డిసెక్షన్' అని కనపడగానే కంగారు పుడుతుంది. వాస్కులర్ సర్జన్‌కు ఫోన్ చెయ్యి, తప్పులేదు. కానీ చీలింది గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని అయోర్టా కాదు, పేగులకు రక్తమిచ్చే సుపీరియర్ మీసెంటెరిక్ ధమని (ఎస్ఎంఏ) లోపలి పొర. పేగు బతికి ఉన్నంతవరకు చాలామందికి కత్తీ అక్కర్లేదు, స్టెంటూ అక్కర్లేదు.

అసలు ఆ రిపోర్టు దాకా రావడమే కష్టం. యాభై ఏళ్ల మగమనిషి, బీపీ, సిగరెట్ అలవాటు, ఉన్నట్టుండి బొడ్డుపైన మొదలై వీపులోకి పాకే నొప్పి. నొక్కి చూస్తే పొట్ట మెత్తగానే ఉంటుంది. ఈసీజీ, గుండెకు చేసే ట్రోపోనిన్, క్లోమానికి చేసే లైపేజ్ పరీక్షలు బాగుంటే 'గ్యాస్' అని ప్యాంటోప్రజోల్ ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపేస్తారు. నొప్పికీ పొట్టలో దొరికేదానికీ పొంతన కుదరకపోతే రక్తనాళాల్లోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే స్కాన్, సీటీ యాంజియో అడుగు. అల్ట్రాసౌండ్ బాగుందన్న మాట నమ్ముకోకు, పేగుల్లోని గాలి ధమనిని కప్పేస్తుంది. తాగే కాంట్రాస్ట్ వద్దు. మందు ధమనుల్లో ఉన్నప్పటి ఆర్టీరియల్ ఫేజు, సిరల్లోకి చేరాక వీనస్ ఫేజు, రెండూ ఛాతీ నుంచి తీయించు. పైన అయోర్టా చీలి అది ఇక్కడిదాకా దిగిందేమో తేలాలి. అదైతే వైద్యమే వేరు. పేగు మీద అనుమానం ఉన్నప్పుడు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు కోసం స్కాన్ ఆపకూడదు.

సాజిటల్ కట్స్, అంటే పక్కనుంచి చూపే బొమ్మలు, నువ్వే చూసుకో. ధమని పుట్టిన చోట కాకుండా సాధారణంగా ఒకటిన్నర నుంచి మూడు సెంటీమీటర్ల దిగువన, క్లోమం వెనకనుంచి బయటికొచ్చి వంపు తిరిగే దగ్గర చీలుతుంది. పైభాగం కదలదు, కిందిది పేగులతోపాటు కదులుతుంది. ఒత్తిడంతా ఆ వంపు మీదే. ట్రూ ల్యూమెన్ (రక్తం పారే అసలు దారి) ఎంత నలిగింది, ఫాల్స్ ల్యూమెన్‌లో (చీలిన పొరల మధ్య ఏర్పడ్డ దొంగదారిలో) రక్తం పారుతోందా గడ్డకట్టిందా అని అందరూ చూస్తారు. చివరి కొమ్మల్లో కాంట్రాస్ట్ నిండిందా, పేగు గోడ కాంట్రాస్ట్ అందుకుందా అన్నవి అంతకంటే ముఖ్యం. దారి బాగా నలిగినా దాని పైనుండే సీలియాక్ ధమని నుంచి వచ్చే పక్కదారులు పేగును కాపాడుతుంటాయి. స్కాన్ బొమ్మ చూసి భయపడి స్టెంట్ వేయించడం నాకు నచ్చదు.

ముందు నోటికేమీ ఇవ్వకుండా సెలైన్ పెట్టు. ఫెంటానిల్ లాంటిదానితో నొప్పి తగ్గించు, బీపీ కొంత దానంతటదే దిగుతుంది. ఇంకా ఎక్కువుంటే, ఆస్తమా, గుండె బ్లాకు లేవని చూసుకుని లాబెటలాల్ 20 మి.గ్రా. నరంలోకి రెండు నిమిషాలపాటు నెమ్మదిగా ఇవ్వు. సిస్టాలిక్ 120 దరిదాపుల్లో ఉంటే చాలు. మరీ దించితే నలిగిన దారిలో వెళ్లే ఆ కాస్త రక్తమూ తగ్గి, పేగుకు మనమే చేటు చేసినట్టవుతుంది.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మీద పెద్దల్లోనే ఏకాభిప్రాయం లేదు. దారి బాగా నలిగి ఉన్నా, కొమ్మల్లో గడ్డ ఉన్నా నేను ఇవ్వమంటాను: కిలోకు 80 యూనిట్ల బోలస్, తర్వాత గంటకు కిలోకు 18. ఆరు గంటలకోసారి, రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే ఏపీటీటీ చూసి మామూలుకు ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్ల మధ్య ఉంచు. ధమని చుట్టూ రక్తం కనపడితే హెపారిన్ ముట్టుకోకు.

నాలుగు గంటలకోసారి పొట్టమీద చెయ్యి వెయ్యి. వీలైతే ఒకే డాక్టరు చూడాలి, తేడా తెలిసేది అప్పుడే. రక్తం అందక కణజాలం దెబ్బతింటే పెరిగే లాక్టేట్ మామూలుగా ఉందని నిశ్చింతగా ఉండొద్దు, అది పెరిగేసరికి ఆలస్యమైపోతుంది. పొట్ట బిగుసుకున్నా, మలంలో రక్తం పడినా, నాడి వేగం తగ్గకపోయినా సర్జన్‌ను పిలువు. రెండు మూడు రోజులకూ నొప్పి దిగకపోతే మళ్లీ సీటీ, ఆపైన స్టెంట్ ఆలోచన.

స్టెంట్ వేయించాల్సి వస్తే వంపులో ఒదిగే సెల్ఫ్ ఎక్స్‌పాండింగ్ (తనంతట తనే విచ్చుకునే) రకమే మేలు. ధమని నిటారుగా కిందికి దిగుతుంది కనుక తొడకంటే చేతినుంచి వెళ్తే తేలిక. తరచూ జరిగే పొరపాటు, వైర్ ఫాల్స్ ల్యూమెన్‌లో దూరడం. అవతల కొమ్మలోకి కాంట్రాస్ట్ కొట్టి ఖాయం చేసుకోకుండా స్టెంట్ విప్పకూడదు. పెరిటోనైటిస్ (పొట్ట లోపలి పొర వాపు) వస్తే మాత్రం ఆగకుండా పొట్ట తెరవాలి: ముందు రక్తప్రవాహం, తర్వాత చచ్చిన పేగు తీయడం, 24 నుంచి 48 గంటల్లో మరోసారి తెరిచి చూడడం.

నొప్పి మందు లేకుండా ఒకరోజు గడిచాక మంచినీళ్లు, ఆపైన పల్చటి గంజి కొంచెం కొంచెంగా. తిన్న అరగంట, గంటలో నొప్పి తిరగబెడితే మళ్లీ ఆపెయ్యి. ఇంట్లోవాళ్లు ముద్ద పెట్టాలని తొందరపడతారు, గట్టిగా చెప్పు.

ఇంటికి పంపేముందు ఒక స్కాన్, తర్వాత 1, 6, 12 నెలలకు. ఫాల్స్ ల్యూమెన్ ఉబ్బి, ధమని రెండు సెంటీమీటర్లకు చేరుకుంటుంటే సర్జన్ చూడాలి. బీపీ మాత్ర ఆపకూడదు, పొగాకు ఏ రూపంలోనూ వద్దు. రోగి నలభై లోపు వయసువాడైనా, కిడ్నీ, మెడ ధమనుల్లోనూ తేడా కనపడినా పుట్టుకతోనే ధమనుల గోడలు బలహీనంగా ఉండే వాస్కులర్ ఎహ్లర్స్ డాన్‌లోస్ జబ్బు గురించి ఆలోచించు. అలాంటివాళ్ల ధమనుల్లో సూది గుచ్చడమే ప్రమాదం. మొదటి స్కాన్ సీడీ రోగి చేతికే ఇచ్చి, ఎక్కడికెళ్లినా వెంట తీసుకెళ్లమను. పాతది పక్కన లేకపోతే ఉబ్బు పెరిగిందో లేదో ఎవరూ చెప్పలేరు.

ఆశీస్సులతో