పాముల పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

పాములను చంపవద్దని పల్లెటూరి బడి పిల్లలకు చెప్పాలి, అలాగని వాళ్లు ధైర్యం చేసి దగ్గరకు వెళ్లకూడదు, ఎలా అని అడిగారు. దివిసీమలో సైన్సు పాఠాలు చెబుతున్నాను కాబట్టి ఈ చిక్కు నాకు బాగా తెలుసు.

పాముల బొమ్మలతో మొదలుపెట్టకండి. రాత్రి ఎక్కడ పడుకుంటారని పిల్లలను అడగండి. నేలమీద చాప వేసుకునేవాళ్లు చేతులెత్తుతారు. అప్పుడు కట్లపాము సంగతి చెప్పండి. అది రాత్రిపూట తిరుగుతుంది. కరిస్తే వాపు దాదాపు ఉండదు, నొప్పి కూడా తెలియకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి, రెప్పలు వాలిపోతుంటే ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుంటారు. మంచం, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర, రాత్రి బయటికి వెళ్తే చేతిలో టార్చిలైటు, గోడకు దూరంగా కట్టెలూ పిడకలూ. ఈ నాలుగూ ఆ రాత్రే ఇంట్లో అమలు చేయగలిగేవి.

విషపాములను గుర్తుపట్టడం నేర్పాలని చాలామంది ఉపాధ్యాయులు తాపత్రయపడతారు. నాకది ఇష్టం లేదు. విషం లేని పాముల్లోనూ కట్లపాములాంటి చారలున్నవి ఉన్నాయి, టార్చి వెలుగులో పన్నెండేళ్ల పిల్లవాడు తేడా ఎలా చెప్పగలడు? ఏ పామైనా దూరంగా ఉండాల్సిందే. కరిచిన పామును చంపి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన పని కూడా లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటి విషానికీ మన దగ్గర వాడే విరుగుడు మందు ఒకటే. ఆ మందుకు కావలసిన విషాన్ని తమిళనాడులోని ఇరుళర్ అనే గిరిజనుల సహకార సంఘం సేకరిస్తుంది. వాళ్లు పామును పట్టి, విషం తీసి, తిరిగి వదిలేస్తారు. మనిషిని బతికించే మందు బతికున్న పాము నుంచే వస్తుందని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి!

సంరక్షణ మాట వరిచేను దగ్గర ఎత్తుకోండి. వెన్నులు కొరికి కలుగులో దాచుకునే ఎలుకలను మా పిల్లలందరూ చూసినవాళ్లే. పిల్లి దూరలేని ఆ కలుగులోకి జెర్రిపోతు దూరుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పాములకూ వర్తిస్తుందని కూడా చెప్పండి, కానీ చట్టం కంటే ఎలుక బాగా పనిచేస్తుంది.

తరగతికి బతికున్న పామును మాత్రం తెప్పించకండి. దాన్ని చేత్తో పట్టుకోవచ్చన్న ఒక్క ముక్కే పిల్లలు నేర్చుకుంటారు. కుబుసం దొరికితే చాలు. తల భాగాన్ని వెలుతురుకు ఎత్తి పట్టండి, కంటిమీది పొర కూడా గుండ్రంగా, గాజులా ఊడి వచ్చి కనిపిస్తుంది. పాముకు రెప్పలు లేవని వేరే చెప్పక్కరలేదు.

చివరి పదిహేను నిమిషాలు సాధన చేయించండి. ఒకరు కాటు తిన్నట్టు కూర్చోవాలి. ఇంకొకరు ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసి, కాలు కదలకుండా స్కేలూ తువ్వాలూ కట్టాలి, బిగించకూడదు. కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం వద్దు. 108కు ఫోను చేయాలి. బడిలోకి పాము వస్తే పిలవడానికి మీ ప్రాంతంలో పాములు పట్టేవారి నంబరు, అటవీశాఖ నంబరు కనుక్కుని బడి గోడమీద రాయించండి. వాళ్లు వచ్చేదాకా పెద్దవాళ్లు ఒకరు దూరం నుంచి పామును కనిపెట్టుకుని ఉండాలి, పిల్లలు ఆవరణ బయటే ఉండాలి.