98 శాతం ప్యాకెట్లు చేరినా యుద్ధరంగం ఎందుకు కనిపించదు?

ప్రశ్న: 24 సైనిక వాహనాలు రేడియోలో ఒకదానికొకటి తమ స్థానం తెలుపుకునే నెట్‌వర్క్‌ను ఎన్‌ఎస్-3 అనే నెట్‌వర్క్ సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్‌లో సిమ్యులేట్ చేశాను. వైఫై, ఓఎల్‌ఎస్‌ఆర్ రూటింగ్ (సందేశాలు వెళ్లే దారుల్ని ముందే సిద్ధంగా ఉంచుకునే పద్ధతి), రాండమ్ వేపాయింట్ కదలిక (ప్రతి వాహనం ఏదో ఒక చోటు ఎంచుకుని అక్కడికి వెళ్లే మోడల్) వాడాను. 98 శాతం ప్యాకెట్లు చేరాయి. మా గైడ్ మాత్రం ఇది యుద్ధరంగంలా లేదంటున్నారు. ఏం మార్చాలి?
– ఎం.టెక్. విద్యార్థి, వరంగల్

జవాబు: మీ గైడ్ గారు చెప్పింది నిజం. ముందు సిగ్నల్ నష్టం చూడండి. 300 మెగాహెర్ట్జ్‌లో 5 కిలోమీటర్లకు ఫ్రీ స్పేస్ సూత్రం (మధ్యలో నేల, అడ్డంకులు లేవనుకునే లెక్క) ఇచ్చే నష్టం 96 డెసిబెల్స్. కానీ వాహనం మీది యాంటెన్నా నేలకు 2 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. నేలను తాకి వచ్చే తరంగం నేరుగా వచ్చేదాన్ని చాలావరకు రద్దు చేస్తుంది. దాన్ని లెక్కలోకి తీసుకునే టూ రే మోడల్‌లో నష్టం 136 డెసిబెల్స్. 5 వాట్ల రేడియో నుంచి అవతలి వాహనానికి −59 బదులు −99 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలమానం) మాత్రమే అందుతుంది. కొండ అడ్డు రాకముందే ఇదీ పరిస్థితి. కొండల కోసం 30 మీటర్లకో ఎత్తు ఇచ్చే ఎస్‌ఆర్‌టీఎం ఉపగ్రహ తరహా భూతల డేటాతో, నేల ఎత్తుపల్లాల్ని బట్టి సిగ్నల్ నష్టం అంచనా వేసే లాంగ్లీ-రైస్ పద్ధతిలో, వాహనాల 276 జంటలకూ నష్టం ముందే లెక్కకట్టుకోండి. ఆ అంకెల్ని ఎన్‌ఎస్-3లోని మ్యాట్రిక్స్ ప్రొపగేషన్ లాస్ మోడల్‌కు సెకనుకోసారి ఇవ్వండి.

రాండమ్ వేపాయింట్ తీసేయండి. అందులో నోడ్లు (ఇక్కడ వాహనాలు) మైదానం మధ్యకు చేరతాయి, లింకులు లేనిపోని బలంతో కనిపిస్తాయి. కాన్వాయ్ బారుగా సాగుతుంది. నాటో ఐఎస్‌టీ-124 బృందం తయారుచేసిన ఆంగ్లోవా అనే సైనిక నెట్‌వర్క్ పరీక్షా సినారియోలో కదలికలూ నష్టాలూ సిద్ధంగా ఉన్నాయి, దానితో మొదలుపెట్టవచ్చు.

వైఫై వేగమూ వద్దు. సెకనుకు 16 కిలోబిట్ల ఉమ్మడి ఛానల్ అనుకోండి. ఒక్కో వాహనం 5 సెకన్లకోసారి 200 బైట్లు పంపితే సెకనుకు 7,680 బిట్లు, అంటే ఛానల్‌లో దాదాపు సగం. విన్న ప్రతి నోడూ తిరిగి పంపితే సెకనుకు 184 కిలోబిట్లు కావాలి, నెట్‌వర్క్ స్తంభిస్తుంది. ఎంపికైన నోడ్లే తిరిగి పంపే ఎస్‌ఎంఎఫ్ పద్ధతి పెట్టండి. ఓఎల్‌ఎస్‌ఆర్ మామూలు సెట్టింగుల్లో హలో (పొరుగు నోడ్లకు ఉనికి తెలిపే సందేశం) 2 సెకన్లకోసారి వెళ్తుంది. తెగిన లింకు మాత్రం 6 సెకన్ల దాకా బతికున్నట్టే లెక్క.

అన్నిటికన్నా ముఖ్యం, మీరు కొలిచేదే మారాలి. గంట సిమ్యులేషన్‌లో ఒక వాహనం 2 నిమిషాలు కొండ చాటున పూర్తిగా మాయమైనా సగటు 0.3 శాతం కూడా తగ్గదు. కానీ గంటకు 40 కిలోమీటర్ల వేగంలో 30 సెకన్ల పాత సమాచారమంటే కమాండర్ మ్యాప్‌పై 333 మీటర్ల తప్పు. అందుకే ప్రతి సందేశంలోనూ పుట్టిన సమయం రాయండి. ఎవరి దగ్గర ఎవరి స్థానం ఎంత పాతదో సెకనుకోసారి నమోదు చేసి, 95వ పర్సెంటైల్ (95 శాతం సందర్భాల్లో పాతదనం దాటని విలువ) చూపండి. ఎన్‌ఎస్-3లోని గణాంకాల సాధనమైన ఫ్లో మానిటర్ ఈ అంకె ఇవ్వదు.

ప్రశ్న: ఇదే నెట్‌వర్క్‌ను ల్యాప్‌టాప్‌లో ఈమేన్‌తో (రేడియో నెట్‌వర్క్‌ను అనుకరించే మరో సాఫ్ట్‌వేర్) నడిపితే ప్రతిసారీ ఆలస్యం మారుతోంది. ఎందుకు?

జవాబు: ఎన్‌ఎస్-3 తన గడియారాన్ని తానే నడుపుకుంటుంది. ఈమేన్ నిజ సమయంలో నడుస్తుంది కాబట్టి, ప్రాసెసర్ చాలకపోతే ఆ ఆలస్యం రేడియోదిలా కనిపిస్తుంది. ఈమేన్‌లోని సరళమైన రేడియో మోడల్ ఆర్‌ఎఫ్ పైప్‌లో డేటా వేగమూ ఆలస్యమూ మీరే నిర్ణయించి, నష్టం లేని లింకులతో ముందు కొలవండి. మీరిచ్చిన విలువకు పైన కనిపించేది యంత్రం జోడించినది. అది పోయేదాకా నోడ్లు తగ్గించండి.