హందీరాని గోడకు తగిలించే ముందు

చిట్టికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఫొటో చూశాను. మరాకేష్‌లో కొన్న హందీరా, అదే ఆ పెళ్లి దుప్పటి, ఎంత బాగుందో! సోఫా వెనక గోడకు మేకులు కొట్టి తగిలిస్తానన్నావు. మేకులు మాత్రం వద్దమ్మా. నా దానికి రెండు మూలల్లో మేకులు కొట్టాను. ఏడాది తిరిగేసరికి బరువంతా అక్కడే పడి మూలలు సాగిపోయాయి. పన్నెండేళ్లయినా ఆ సాగుడు పోలేదు.

హందీరా గోడ కోసం పుట్టింది కాదు. మొరాకోలో, అట్లాస్ కొండల్లో ఉండే అమజీగ్ జాతి ఆడవాళ్లు పెళ్లికూతురి కోసం గొర్రె ఉన్నితో నేసేది. పిల్ల దాన్ని భుజాల మీద కప్పుకునేది. పెళ్లయ్యాక కొండ చలికీ అదే ఆసరా. దాని మీద కుట్టిన చమ్కీలు దిష్టి తగలకుండా కాపాడతాయని వాళ్ల నమ్మకం, మనం పిల్లలకు చుక్క పెట్టినట్టు. ఇప్పుడు అమ్మకానికని నేసేవే ఎక్కువ, నీది కూడా అలాంటిదే కావచ్చు. అయినా కాళ్ల కింద పరవకు, దిండు గలీబుల కోసం కత్తిరించకు.

తగిలించే పద్ధతి చెబుతాను. నాలుగు అంగుళాల వెడల్పు నూలు గుడ్డ తీసుకుని ముందే ఉతికి ఆరబెట్టు, లేకపోతే తర్వాత కుంచించుకుపోతుంది. పై అంచు వెనక, ఈ చివర నుంచి ఆ చివర దాకా గొట్టంలా చేత్తో కుట్టు. మిషన్ వద్దు. సూది ఉన్ని పోగులను చీల్చకుండా వాటి మధ్య నుంచి పోవాలి. ఆ గొట్టంలో చెక్క కర్ర దూర్చి, కర్రను గోడకు బిగించు. బరువు అంచంతా పంచుకుంటుంది. ఎండ పడే గోడ వద్దు. ఆరు నెలలకోసారి దింపి, చుట్టి, నెల రోజులు విశ్రాంతి ఇవ్వు.

ఉన్నికి అసలు శత్రువు పురుగు. అమ్మమ్మ గొంగడిని నీడలో ఆరేసి, కర్రతో దులిపి, మడతల్లో వేపాకు, వస కొమ్ము పెట్టేది. అవి కొంతవరకే పనిచేస్తాయి. చీకట్లో కదలకుండా పడి ఉన్న ఉన్నికే పురుగు పడుతుంది కాబట్టి తరచూ తిప్పి చూడడమే మేలు. హందీరాని మాత్రం కర్రతో కొట్టకు, చమ్కీలు రాలిపోతాయి. వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి పల్చని దోమతెర గుడ్డ కట్టి, తక్కువ వేగంలో వెనక వైపు నుంచి దుమ్ము లాగు. పురుగు కనిపిస్తే, గట్టి ప్లాస్టిక్ కవర్లో గాలి చొరబడకుండా చుట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టు. బయటికి తీశాక, చల్లదనం పూర్తిగా పోయేదాకా కవర్ విప్పకు.

వాషింగ్ మెషీన్, ఇస్త్రీ పెట్టె రెండూ దీని దగ్గరికి రాకూడదు. వేడికి ప్లాస్టిక్ చమ్కీలు ముడుచుకుపోతాయి. పాతకాలం రేకు చమ్కీలు నల్లబడి ఉంటే తోమకు, అలాగే ఉండనీ. రాలినవాటిని ఒక కవర్లో దాచు, తీరిక దొరికినప్పుడు నూలు దారంతో తిరిగి కుట్టొచ్చు.

ఆదివారం కుట్టు మొదలుపెట్టే ముందు వీడియో కాల్ చెయ్యి. మొదటి నాలుగు కుట్లు నేను చూస్తుండగా వెయ్యి.

పెద్దమ్మ